రాతిలో కర్ర, తీగ మీద గొంతు

తాడిపత్రిలోని చింతల వెంకటరమణ స్వామి గుడిలో, స్వామికి ఎదురుగా గరుత్మంతుడికి కట్టిన చిన్న మండపం తేరు ఆకారంలో ఉంటుంది. విజయనగర కాలపు శిల్పులు దాని పక్కలకు రాతి చక్రాలు చెక్కారు. తిరునాళ్లలో కొయ్యతేరు లాగడం చూసిన వారెవరికైనా అది చూడగానే తేరుగా తోస్తుంది. అయితే ఆ తేరు కదలదు, కదలడం కోసం చేసిందీ కాదు. కొయ్యతేరుకు చక్రం లేకపోతే ఊరేగింపే లేదు. రాతి మండపానికి చక్రం లేకపోయినా కప్పు నిలుస్తుంది, గరుడుడు లోపల క్షేమంగానే ఉంటాడు. హంపి విఠలాలయం ముందున్న ప్రసిద్ధమైన రాతి రథం సంగతీ ఇంతే. అదీ గరుడ మండపమే, అదీ ఒకే బండలో తొలిచింది కాక గ్రానైటు దిమ్మలను అతుకులు తెలియకుండా పేర్చి కట్టినదే. కట్టడానికి అవసరమే లేని చక్రాన్ని అంత శ్రమపడి, ఆకులూ ఇరుసూ తెలిసేలా ఎందుకు చెక్కినట్టు? కళల్లో అనుకరణ అనే మాటకు అర్థం వెతకడానికి ఈ ప్రశ్న కంటే మంచి మొదలు దొరకదు.

తెలుగులో అనుకరణకు మంచి పేరు లేదు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసిన పిల్లవాణ్ని, పాత బాణీని ఎత్తుకొచ్చిన సంగీత దర్శకుణ్ని, ఎదురింటి ఎలివేషన్ చూసి అచ్చం అదే పెట్టించుకున్న ఇంటి యజమానిని ఒకే గాటన కట్టి 'కాపీ' అనేస్తారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అన్న సామెత ఉండనే ఉంది. ఆ సామెతను కాస్త నిదానంగా చదివితే, నక్క తప్పు పులిని మెచ్చడంలో లేదని తెలుస్తుంది. పులి చారలు దాని ఒంట్లోంచి పుట్టాయి. నక్క వాటిని బయటి నుంచి కాల్చి అంటించుకుంది. కాబట్టి అనుకరణను తూచడానికి రెండు విషయాలు చూడాలి. ఒకటి దేన్ని అనుకరిస్తున్నారన్నది, రెండోది దేనితో అనుకరిస్తున్నారన్నది. ఈ రెండోదాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు, నిజానికి తేడా అంతా అక్కడే ఉంది. చేతిలో ఉన్న పదార్థం ఎంత మొండికేస్తే అనుకరణ అంత కొత్త రూపు తీసుకుంటుంది. పదార్థం ఏ ఎదురూ చెప్పకుండా లొంగిపోయిన చోట నకలు తప్ప మరేమీ పుట్టదు.

ఈ చర్చ చాలా పాతది. గ్రీసులో ప్లేటో మంచం ఉదాహరణ చెప్పాడు: మంచం అనే భావన ఒకటి, దాన్ని చూసి వడ్రంగి చేసిన మంచం రెండోది, వడ్రంగి మంచాన్ని చూసి చిత్రకారుడు గీసిన బొమ్మ మూడోది, కనుక చిత్రకారుడు సత్యానికి మూడంచెల దూరంలో ఉన్నాడని ఆయన తీర్పు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ దీన్ని ఒప్పుకోలేదు. మనిషి చిన్ననాటి నుంచి అనుకరణ ద్వారానే నేర్చుకుంటాడని, చూడలేని భయంకరమైన వస్తువును కూడా బొమ్మలో చూసి ఆనందించగలడని అన్నాడు.

భారతీయ చర్చ ఇంకా సూక్ష్మంగా సాగింది. లోకవృత్తాన్ని అనుకరించేదిగా నాట్యాన్ని చేశానని తన నాట్యశాస్త్రంలో బ్రహ్మ చేత పలికించిన భరతుడే, అదే అధ్యాయంలో నాట్యం ముల్లోకాల 'భావానుకీర్తనం', అంటే భావాలను తిరిగి చెప్పడం, అని కూడా చెప్పించాడు. అనుకరణ, అనుకీర్తనం అనే ఈ రెండు మాటల మధ్య ఉన్న సందులోంచే తరువాతి శతాబ్దాల వాదమంతా పుట్టింది. నటుడు రాముడి స్థాయిభావాన్ని, అంటే మనసులో నిలిచి ఉండే ప్రధాన భావాన్ని, అనుకరిస్తే దాన్ని ప్రేక్షకుడు ఊహించి రసంగా అనుభవిస్తాడని శ్రీ శంకుకుడు చెప్పి, గోడ మీది గుర్రం బొమ్మను ఉదాహరణగా చూపాడు. ఆ బొమ్మను చూసినవాడు ఇది నిజమైన గుర్రం అనుకోడు, గుర్రం కాదనీ అనుకోడు, గుర్రమో కాదో అని సందేహించడు, గుర్రం లాంటిది అని పోలికా కట్టడు. వీటన్నిటికీ వేరైన ఒక తెలివితో అది గుర్రమని గ్రహిస్తాడు. ఇదే చిత్రతురగ న్యాయం.

అభినవగుప్తుడు తన గురువు భట్టతౌతుడి బాటలో నడుస్తూ ఈ వాదాన్ని విప్పి పారేశాడు. అసలును చూసినవాడికే అనుకరణ అనుకరణగా తెలుస్తుంది, రాముణ్ని చూసిన ప్రేక్షకుడు ఎవడు? పైగా నటుడి కన్నీటిని, కంఠాన్ని, కదలికను చూడగలం కానీ అవి ఏ మనసులోని దుఃఖానికి నకలో ఎలా తేలుతుంది? అన్నిటికంటే పదునైన మాట ఇంకొకటి ఉంది: ఒకరి చేష్టను ఇంకొకరు అనుకరిస్తే పుట్టేది హాస్యమని భరతుడే చెప్పాడు. మిమిక్రీ కళాకారుడు పెద్ద నాయకుడి గొంతు అచ్చుగుద్దినట్టు దింపగానే సభ నవ్వడం ఇందుకే. పోలిక ఎంత కచ్చితమైతే నవ్వు అంత పెద్దదవుతుంది. అదే పోలికతో ఏడిపించడం మాత్రం కుదరదు.

తాడిపత్రిలోనే 1880లో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ రంగస్థలం మీద చేసింది ఈ వాదానికి ఆచరణ రూపం అనవచ్చు. పద్యాన్ని రాగం తీసి సాగదీస్తే చాలు పాత్ర వచ్చేసినట్టేనని అందరూ నమ్ముతున్న రోజుల్లో, ఆయన గొంతు కంటే భావానికి, పాట కంటే పాత్ర నడతకు పట్టుబట్టాడు. వేషం, కిరీటం, గద పాత్ర పైతొడుగులు. వాటిని పెట్టుకున్న మాత్రాన రాజు రాడన్నది ఆయన నటన నేర్పిన సంగతి. రాయలసీమ పద్యనాటకం గురించి రాసేటప్పుడు ఈ తగువును పక్కన పెట్టడం సరికాదు.

ఇక రాతి దగ్గరికి తిరిగి వస్తే, ఈ దేశపు వాస్తు చరిత్రలో పెద్ద భాగం కర్రను తలచుకున్న రాతి చరిత్ర. గుంటుపల్లి కొండలో క్రీస్తుకు పూర్వం తొలిచిన గుండ్రటి బౌద్ధ చైత్యంలో కప్పు లోపలి వైపున రాతి వాసాలు కనిపిస్తాయి. కొండను తొలిచిన గదికి వాసాలు ఏ బరువూ మోయవు. మహాబలిపురంలో 7వ శతాబ్దపు ద్రౌపదీ రథం అచ్చంగా పూరిగుడిసె. విజయనగర కాలపు మండపాల దగ్గరికి వచ్చేసరికి ఈ తలపు మరింత నాజూకు తేలింది. లేపాక్షిలో గానీ తాడిపత్రిలో గానీ మండపం అంచున నిలబడి చూరు కిందికి తలెత్తి చూడాలి. వంపు తిరిగి బయటికి చాచుకున్న రాతి చూరు అడుగున వరసగా వాసాలు, వాటిని అడ్డంగా పట్టిన బద్దలు చెక్కి ఉంటాయి. వాన నీరు జారడానికి పైవైపు నున్నగా ఉంటే చాలు, అడుగుభాగం ఉట్టి రాయిగా వదిలేసినా అడిగేవాడు లేడు. కానీ కర్రతో కట్టిన ఇంటి చూరు కింద నిలబడిన మనిషికి ఏది కనిపించాలో అది అక్కడ కనిపించాలని శిల్పి అనుకున్నాడు. రాయి వంగదు, కర్ర వంగుతుంది. కనుక ఆ వంపును రాతిలో సాధించడానికి చాలా రాతిని చెక్కి పారేయాలి. ఆ ఖర్చులోనే ఆ చూరుకున్న సొగసంతా ఉంది.

ఇదే చూరు మీద గుర్రపునాడా ఆకారంలో చిన్న చిన్న గూళ్లు వరసగా కనబడతాయి. శాస్త్రం వాటిని నాసికలని, కూడులని అంటుంది. అవి ఒకప్పుడు వంచిన కర్రలతో కట్టిన కప్పు చివరి కిటికీలు. గుడిసె పోయింది, వంచిన కర్ర పోయింది, కిటికీ అవసరమూ పోయింది, ఆకారం మాత్రం వెయ్యేళ్లకు పైగా చూరు మీద అలంకారంగా నిలిచిపోయింది. అలాగే గర్భగుడి మీద లేచే విమానంలో అంతస్తు అంతస్తుకూ పేర్చే కూటాలు, శాలలు, పంజరాలు దేనికవి చిన్న గుళ్లే. అంటే గుడి తన అవయవాలుగా గుడి బొమ్మలనే వాడుకుంటుంది. అనుకరణ అసలును మరిచిపోయిన తరువాత అది భాషగా మారడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 'కంచం' అనే మాట పలికేటప్పుడు కంచును ఎవరూ తలచుకోనట్టే, నాసికను చెక్కే శిల్పి గుడిసెను తలచుకోడు.

విగ్రహం చెక్కడంలో అనుకరణ మరో దారి పట్టింది. పాత కర్నూలు జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పులకు పేరు పొందిన ఊరు. అక్కడైనా మరెక్కడైనా సంప్రదాయం తెలిసిన శిల్పి దేవతామూర్తి చెక్కేటప్పుడు ఎదురుగా మనిషిని నిలబెట్టుకోడు, ఇంకో విగ్రహానికి నకలు దించడు, తాళమానాన్ని అనుసరిస్తాడు. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు. ఉత్తమ దశతాళంలో మూర్తి ఎత్తు 124 అంగుళాలు, మధ్యమ దశతాళంలో 120, నవతాళంలో 108. ఈ అంగుళం టేపు మీది అంగుళం కాదు. విగ్రహం ఎత్తును అన్ని భాగాలుగా చేస్తే వచ్చే ఒక భాగం అది, కాబట్టి అరచేతి విగ్రహానికి ఒక అంగుళం, ఆరడుగుల విగ్రహానికి మరో అంగుళం. ఇక్కడ అనుకరించేది కొలతల మధ్య ఉన్న సంబంధాన్ని. అందుకే ఒకే శాస్త్రం చదివిన ఇద్దరు శిల్పులు చెక్కిన రెండు వేణుగోపాలులు ఒకలాగే ఉంటూ ఒకటిగా ఉండవు. పంచలోహ విగ్రహాల మైనపు పద్ధతిలో కూడా ప్రతి మూర్తికీ మట్టిమూసను పగలగొట్టక తప్పదు. మరో మూర్తి కావాలంటే మైనం బొమ్మ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మ చేసేవారు బంగారపు నగను చూపే తీరు గమనించదగ్గది. శుభ్రం చేసి పలచబరిచిన మేకతోలు మీద బొమ్మ గీసి, రంగులు వేసి, హారం, వడ్డాణం, కిరీటం ఉన్నచోట చిన్న ఉలితో రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం వెలిగించగానే రంగుల మధ్య ఆ రంధ్రాల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. అక్కడ బంగారం లేదు, బంగారు రంగు కూడా లేదు, తోలే లేదు. తోలు లేకపోవడమే నగ. నిజం నగను తెచ్చి బొమ్మకు అతికించినా తెర మీద పడేది నల్లటి మచ్చే.

సంగీతంలో ఈ విషయం మరింత చిక్కైనది, ఎందుకంటే సంగీతం దేన్ని అనుకరిస్తుందో చూపించడానికి ఎదురుగా వస్తువంటూ ఉండదు. నెమలి కూత షడ్జం, ఎద్దు రంకె ఋషభం, మేక అరుపు గాంధారం, క్రౌంచం మధ్యమం, కోకిల పంచమం, గుర్రం సకిలింపు ధైవతం, ఏనుగు ఘీంకారం నిషాదం అని నారదీయ శిక్ష మొదలుకొని చెబుతూ వచ్చారు. అయితే ఏ రాగంలోనూ మేక అరుపు వినపడదు. స్వరాలకు లోకంలో వేళ్లు చూపించడమే ఆ మాట పని. బీథోవెన్ 1808 నాటి తన ఆరో సింఫనీలో నైటింగేల్‌ను ఫ్లూటు మీద, కౌజుపిట్టను ఓబో మీద, కోకిలను క్లారినెట్ మీద పలికించి కూడా, ఇది చిత్రించడం కంటే అనుభూతిని చెప్పడమే ఎక్కువ అని జాగ్రత్తగా రాసుకున్నాడు. భరతుడి అనుకీర్తనానికి ఆ మాట ఎంత దగ్గరగా ఉందో చెప్పనక్కరలేదు. పాశ్చాత్య సంగీతంలో ఒక గొంతు ఎత్తుకున్న పలుకును మరో గొంతు కొంచెం వెనకగా, వేరే స్థాయిలో అందుకోవడానికి అనుకరణ అన్నదే సాంకేతికమైన పేరు. ఆ పద్ధతిలోనే అల్లిన బాఖ్ రచనలు, ఫ్యూగులు, దాని శిఖరం.

కర్ణాటక సంగీతంలో అనుకరణ చదువుకు పునాది. సరళీ స్వరాలు, జంట వరుసలు, అలంకారాలు అన్నీ గురువు అన్నది శిష్యుడు తిరిగి అనడమే. ఏళ్ల తరబడి సాగే ఆ తిరిగి అనడంలో శిష్యుడి గొంతు గురువు గొంతుగా మారదు. గురువు గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరును, తన గొంతులో పట్టలేక, పట్టలేక, చివరికి తన గొంతుకు పట్టే గమకాన్ని కనుక్కుంటుంది. గురువు జలుబును కూడా దించే శిష్యులు లేకపోలేదు, వారు ఆ నక్క వరసలోకే చేరతారు.

అనుకరణ సంగీత చరిత్రను మార్చిన సందర్భం వయొలిన్‌ది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసు ప్రాంతంలో ఒక యూరోపియన్ దగ్గర దాన్ని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. అక్కడి నుంచి దాని పని కంఠాన్ని అనుకరించడం. ఆ పనికి వాద్యం వెంటనే లొంగలేదు. పాశ్చాత్య పద్ధతిలో నిలబడి గడ్డం కింద నొక్కి పట్టుకుంటే ఎడమచేతికి వాద్యాన్ని మోసే పని కూడా ఉంటుంది, తీగ మీద పొడవుగా జారే వీలు తక్కువ. అందుకని వాదకుడు నేల మీద బాసింపట్టు వేసుకుని, వాద్యం తలను కుడి చీలమండ మీద ఆనించాడు. తీగల శ్రుతిని స ప స ప గా మార్చుకున్నాడు. చేయి ఖాళీ అయింది, వేలు గొంతులా జారింది. కచేరీలో గాయకుడు ఆలాపన చేస్తుంటే వయొలిన్ అరక్షణం వెనకగా నడుస్తూ, రాబోయే మలుపును పసిగట్టి, పాడింది పాడినట్టే తీగ మీద దించుతూ పోతుంది. తన వంతు వచ్చినప్పుడు మాత్రం అదే రాగాన్ని తన దారిలో చెబుతుంది. రాగం ముగిసేసరికి, గొంతు తీగను నడిపించిందా, తీగ గొంతును నడిపించిందా అన్నది మంచి కచేరీలో తేల్చడం కష్టం.

హార్మోనియం కూడా యూరప్ నుంచే వచ్చింది, పద్యనాటకానికి ప్రాణమే అయింది. కానీ దాని మెట్టు మెట్టే. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య జారే దారి లేదు, కనుక గమకాన్ని అది చూపలేదు. ఆ కారణంగా ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించి 1971 దాకా దూరంగా ఉంచింది. నిషేధం సరైనదా అన్నది వేరే వాదం. పద్యనాటక హార్మోనిస్టులు ఆ లోటునే వేగంగా, విరుపుగా మలచుకుని కొత్త పలుకుబడి సాధించారన్నది మాత్రం నిజం.

అసలు అనేదే లేనప్పుడు అనుకరణ ఏమవుతుంది? దీనికి జవాబు కడప సీమలోనే ఉంది. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు రాగిరేకుల మీద తిరుమలలో భద్రంగా నిలిచాయి. రేకు మీద సంకీర్తనకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆయన ఏ బాణీలో పాడారో చెప్పే ఆధారం ఏదీ మిగల్లేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ సంకీర్తనలకు స్వరరచన చేసిన పెద్దల్లో మొదట చెప్పుకోవలసినవారు అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. సాహిత్యంలోని విరుపును, పల్లవి ఎత్తుగడను, రేకు మీది రాగనామాన్ని పట్టుకుని ఆయన బాణీలు కట్టారు. చిత్రమేమిటంటే, ఈనాడు అనేకమంది శ్రోతలకు అన్నమయ్య పాట అంటే ఇరవయ్యో శతాబ్దపు బాణీయే. ఒక గాయకుడు రెండు పలుకులు మార్చి పాడితే 'అసలు బాణీ అది కాదు' అనే మాట సభలో వినబడుతుంది. అసలు అనేది ఎవరి చెవిలోనూ లేదు. పదాల నడక నుంచి పాటను తిరిగి ఊహించిన మనుషుల శ్రమ ఉంది. రాముణ్ని చూసినవాడు ఎవడన్న భట్టతౌతుడి ప్రశ్న ఇక్కడ పాట రూపంలో ఎదురవుతుంది. సమాధానంగా ఆ బాణీలను తక్కువ చేయడం తగదు, వాటిని అన్నమయ్య బాణీలని చెప్పుకోవడమూ తగదు. స్వరకర్త పేరు ప్రతి కచేరీలోనూ చెప్పడం కనీస మర్యాద, అది నేటికీ సరిగా జరగడం లేదు.

ఈ కొలతతో నేటి కట్టడాలను చూస్తే బాధ కలగక మానదు. రబ్బరు మూసలో సిమెంటు పోసి ఒకే ముఖంతో వందల ద్వారపాలకులను తీయవచ్చు. పాత గోపురాల మీది గారబొమ్మలు చేత్తో దిద్దినవి, కనుక ఒకదాని ముక్కు మరోదానికి రాదు. తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల నేల కింద పొరలు పొరలుగా నాపరాయి ఉంది. కడప బండ పరచని పాత ఇల్లు సీమలో అరుదు. అదే ఊళ్లలో ఇప్పుడు నాపరాతి గీతలు ముద్రించిన టైళ్లు పరుస్తున్నారు. వరుసగా చూసుకుంటూ పోతే కొన్ని టైళ్లకొకసారి అదే చార, అదే మచ్చ, అదే మూలన మళ్లీ వస్తుంది. ముద్రించే యంత్రానికి నాపరాయీ ఒకటే, టేకుచెక్కా ఒకటే, పాలరాయీ ఒకటే. ఏదీ దానికి ఎదురు చెప్పదు.

ఎదురు చెప్పే పదార్థం ఈ సీమలో ఇంకా మిగిలే ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయపు కప్పు మీద ఎర్రమట్టి, పచ్చమట్టి, సున్నం, మసి రంగులతో వేసిన స్త్రీల చీరలు ఒకదానిలా ఒకటి ఉండవు. గీతలు, గళ్లు, పూలు, హంసలు వేటికవే. అప్పటి నేతగాళ్లు మగ్గం మీద నేసిన అంచులనే చిత్రకారులు నీడలు వేయకుండా, మడతలు చూపకుండా, చదునుగా సున్నం మీదికి దించారు. కొంగు కొసలు గాలికి ఊగకుండా గీతకు లొంగి పక్కకు పొడుచుకుని నిలుస్తాయి. ఆ కప్పు మీది, లతామండపం స్తంభాల మీది తీగలు, పూలు ఇప్పుడు ధర్మవరం పట్టుచీరల అంచుల్లోకి వస్తున్నాయి. బట్ట బొమ్మయింది, బొమ్మ మళ్లీ బట్టవుతోంది.

ఆ రెండో ప్రయాణం సులువేమీ కాదు. రాతి మీద తీగ ఎటు కావాలంటే అటు మెలిక తిరుగుతుంది. మగ్గం మీద పడుగు నిలువు, పేక అడ్డం; ఈ రెండూ తప్ప మూడో దిక్కు లేదు. కనుక డిజైను వేసేవాడు గళ్ల కాగితం మీద తీగ వంపును మెట్లు మెట్లుగా విడగొట్టి, ఏ గడి నింపాలో ఏ గడి వదలాలో ఒక్కొక్కటిగా తేలుస్తాడు. ఆ కాగితం మీది ఒక్కో అడ్డవరుస, మగ్గం మీద బిగించి డిజైను ప్రకారం పోగులు లేపే జాకార్డు యంత్రంలో ఒక్కో అట్ట అవుతుంది; అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, జరీ దాని కిందుగా సాగుతుంది. మెట్లు పెద్దవైతే తీగ రంపపు పళ్లలా కనిపిస్తుంది. మరీ చిన్నవి చేస్తే అట్టలు పెరిగి, అంచు ఖరీదు పెరుగుతుంది. ఇప్పుడు ఈ గళ్లను చాలామంది కంప్యూటరు మీద నింపుతున్నారు. తెర మీద ఉన్నవీ గళ్లే కాబట్టి, దాదాపు ఐదువందల ఏళ్ల నాటి పువ్వు రేకు ఏ గడి దగ్గర వంగాలో అక్కడ కూర్చున్న మనిషి నేటికీ కంటితో చూసి, ఒకటి రెండుసార్లు తుడిచి, మళ్లీ నింపి తేల్చుకుంటున్నాడు.